కృష్ణకమలం జాతి గింజలు మొలవాలంటే

ప్రశ్న: ప్యాషన్ ఫ్రూట్ గింజలను ఎండబెట్టి, వేసవిలో మేడమీద కుండీలో నాటాను. నెలన్నర గడిచినా ఒక్కటీ మొలవలేదు. గింజల్లోనే లోపం ఉందంటారా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, గింజలను తప్పుపట్టకండి. కృష్ణకమలం జాతికి చెందిన ఈ తీగల గింజలకు నల్లని గట్టి పెంకు ఉంటుంది. ఎండినకొద్దీ లోపలికి నీరు చేరడం కష్టమై, మొలక రావడానికి కొన్నిసార్లు నెలలు పడుతుంది. అందుచేత బాగా ముగ్గి, తొక్క ముడతలు పడిన పండును ఎంచుకుని, గుజ్జును జల్లెడలో వేసి, గింజ చుట్టూ ఉన్న జిగురు పొర పూర్తిగా ఊడిపోయేదాకా వేళ్ళతో రుద్ది కడిగి, ఆ తాజా గింజలనే నాటడం మేలు. ఎండిన గింజలే ఉన్నట్లయితే, ఒక అంచున గరుకు కాగితంతో తేలికగా రుద్ది, గోరువెచ్చని నీటిలో ఒక రోజు నానబెట్టండి.

కొబ్బరి పొట్టు, ఇసుక కలిపిన మట్టిలో సెంటీమీటరు లోతున నాటి, తడి ఆరకుండా చూడాలి. నీరు మాత్రం నిలవరాదు. 20 నుంచి 30 డిగ్రీల వేడి వీటికి అనుకూలం. నెల్లూరు జిల్లాలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక, ఆ రోజుల్లో మేడమీది కుండీ వీటికి తగదు. జూలై, ఆగస్టుల్లో నీడపట్టున నాటితే తాజా గింజలు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి, ఈశాన్య రుతుపవనాల జోరువానలు వచ్చేనాటికి మొక్కలు నిలదొక్కుకుంటాయి. ఒకే పండులోని గింజలు కూడా అన్నీ ఒక్కసారి మొలవవు, కాబట్టి తొందరపడి కుండీలో మట్టి పారబోయకండి.

పూలకోసం నర్సరీల్లో అమ్మే ఊదారంగు కృష్ణకమలమే కావాలనుకుంటే, గింజల కోసం వెతకడం కన్నా ముదురు తీగ ముక్కను నాటుకోవడమే నా సలహా.