చిన్నోడికి కరెంటు పెట్టించే ముందు

చి.ల.సౌ. లలితకు పెద్దమ్మ దీవెనలు.

చిన్నోడి మెదడులో గడ్డ మొత్తం తీసేశారు కదా, ఇంకా కరెంటు (రేడియేషన్) ఎందుకని అడిగావు. వాడికొచ్చిన మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ కణాలు మెదడు, వెన్ను చుట్టూ ఉండే వెన్నునీటిలో జారి ఎక్కడైనా పాతుకుంటాయి. అందుకే తలతో పాటు వెన్నంతా పెడతారు. ఐదేళ్లు నిండినవాడు, స్కాన్‌లో ఏమీ మిగల్లేదు, వెన్నునీరు శుభ్రంగా ఉంది కాబట్టి మామూలుగా తలకీ వెన్నుకీ 23.4 గ్రే (గ్రే అంటే కరెంటు మోతాదు కొలత), గడ్డ ఉన్నచోట మొత్తం 54 గ్రే. రోజుకి 1.8 చొప్పున, వారానికి ఐదు రోజులు, 30 సిట్టింగులు. ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల్లో మొదలైపోవాలి. చెన్నైలో ప్రోటాన్ మెషిన్ ఉంది, దాని కరెంటు వెన్ను దాటి ముందుకి పెద్దగా పోదు. గుండెకీ పేగులకీ మేలే. కానీ మెదడంతా ఎలాగూ పెట్టాల్సిందే, దానికోసం రోజులు పోగొట్టుకోకు.

గుండు చేయించాలనుకుంటే, తల కదలకుండా మొహానికి బిగించే వల మాస్క్ చేసేలోపే చేయించు. తర్వాత చేయిస్తే మాస్క్ వదులై మళ్లీ చేయాల్సొస్తుంది. మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ మందు వాడితే మొహం ఉబ్బి మాస్క్ బిగుతవుతుంది, ఆపాక వదులవుతుంది. బుగ్గల మీద వల అచ్చులు లోతుగా పడుతుంటే టెక్నీషియన్‌కి చెప్పు, వాళ్లే చూసుకుంటార్లే అనుకోకు.

కదలకుండా పడుకోలేకపోతే రోజూ మత్తిస్తారు. పాలూ ఇడ్లీ ఆరు గంటల ముందే ఆపాలి, మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా పరవాలేదు. మీ మత్తు డాక్టరు వేరే టైము చెప్తే అదే లెక్క. సిట్టింగులు పోయేది ఇక్కడే. ఎవరో జాలిపడి బిస్కెట్ చేతిలో పెడతారు, ఆ రోజు వాయిదా. పొద్దున్నే మొదటి స్లాటు అడుగు.

పండగలూ పెళ్లిళ్లూ ఈ ఆరు వారాలూ పక్కనపెట్టు. గ్యాప్ వస్తే మిగిలిన కణాలు మళ్లీ పుంజుకుంటాయి. మెషిన్ ఆగిపోతే ఆ సిట్టింగు ఎప్పుడు సర్దుతారో అదే రోజు డాక్టర్ని అడుగు. వెన్నెముకలోని మజ్జ మీద పడుతుంది కాబట్టి రక్తకణాలు తగ్గుతాయి, వారం వారం పరీక్ష తప్పదు. 100.4 జ్వరం దాటితే రాత్రయినా ఫోన్ చెయ్. వాంతుల మందు కరెంటుకి ముందే పట్టు, వాంతయ్యాక కాదు. చర్మానికి పసుపూ నూనె పౌడరూ వద్దు. వాడి ఒంట్లోంచి రేడియేషన్ రాదు, చెల్లిని పక్కన పడుకోనివ్వు.

అయిపోయాక నెలా రెండు నెలలకి రోజంతా నిద్రపోవచ్చు. చాలావరకు అదే తగ్గుతుంది, డాక్టరుకి మాత్రం చెప్పు. ఎత్తు, థైరాయిడ్, వినికిడి, చదువు ఏళ్ల తరబడి చూపించుకోవాలి. వెన్ను పెరుగుదల తగ్గుతుంది కనుక కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలవమను. ఏ భాగానికి ఎన్ని గ్రేలు పెట్టారో రాసిన కాగితం అడిగి తీసుకుని, రెండు జిరాక్సులు తీసి ఉంచు.

మీ పెద్దమ్మ