ఎంఆర్‌ఐ అయస్కాంతం మెదడును పాడుచేస్తుందా? మా అమ్మ విషయంలో జరిగింది

ఎంఆర్‌ఐలో అంత పెద్ద అయస్కాంతం మధ్య పడుకుంటే మెదడు దెబ్బతింటుందా అని అడిగారు. దెబ్బతినదు. భయపడాల్సింది ఒంటిమీద ఉండిపోయిన ఇనుముకి.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. తలనొప్పి తగ్గడం లేదని అమ్మకి డాక్టరు స్కాన్ రాస్తే పొద్దున్న బస్సుకి విజయనగరం వెళ్లాం. తీరా అక్కడికెళ్లాక అమ్మ పుస్తెలతాడు తియ్యనని కూర్చుంది. తాడుకి నాలుగు పిన్నీసులు! బంగారాన్ని అయస్కాంతం లాక్కోదు గానీ, ఇనప పిన్నీసు ఎగిరి కంట్లో గుచ్చుకుంటే? చివరికి అక్కడి నర్సమ్మ పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి అమ్మ మెడలో వేయించింది. ఆవిడ మేలు మర్చిపోలేను.

బయటికి రాగానే అమ్మ, "బల్ల లోపలికెళ్తుంటే తల గిర్రున తిరిగిపోనాదిరా, నా బుర్రకేటో అయిపోనాది" అంది. నాకు చెమటలు పట్టాయి. సిబ్బందిని అడిగితే "ఏం కాదండీ" అనేసి పక్క పేషెంటుని పిలిచారు. వేలకి వేలు కట్టించుకుంటారు, రెండు ముక్కలు విడమరిచి చెప్పడానికి ఏం?

తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను. తల ఎటు తిరుగుతోందో మెదడుకి చెప్పే ద్రవం లోపలి చెవిలో ఉంటుంది. అందులో సహజంగా పారే చిన్న విద్యుత్తుని అయస్కాంతం నెడితే ద్రవం కదిలి, తల తిరుగుతున్నట్టే అనిపిస్తుంది. 2011లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 7 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) ఎంఆర్‌ఐ యంత్రంలో దీన్ని చూపించారు. లోపలి చెవి పనిచేయనివాళ్లకి ఆ ప్రభావం కనిపించలేదు. అంటే ఇది చెవి పని, మెదడుకి తగిలిన దెబ్బ కాదు. బయటికొచ్చాక తగ్గిపోతుంది.

ఇంకో మాట. ఉత్తరం వైపు తల పెడితే రక్తంలో ఇనుముని భూమి లాగేస్తుందని మా పెదనాన్న ఇప్పటికీ మంచాలు తిప్పిస్తారు. మామూలు 1.5 టెస్లాల ఎంఆర్‌ఐ భూమి అయస్కాంతానికి దాదాపు 30,000 రెట్లు. రక్తంలో ఇనుము మేకులో ఇనుములాంటిది కాదు కాబట్టే మనం అందులోంచి క్షేమంగా వస్తున్నాం. ఇక మంచం ఏం చేస్తుంది? అయస్కాంతం దిండ్లతో తలనొప్పి పోతుందని ఊళ్లలో అమ్ముకునేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. అమ్మకి రిపోర్టు బాగానే వచ్చింది. కళ్లద్దాలు మారిస్తే నొప్పి పోయింది.

మీవాళ్లని తీసుకెళ్తుంటే పిన్నీసులు ఇంట్లోనే తీయించండి. గుండె కొట్టుకోవడాన్ని సరిచేసే పేస్‌మేకర్ ఒంట్లో ఉంటే ముందే చెప్పండి. బల్లని మెల్లగా జరపమని అడగండి, తల తిప్పడం తక్కువగా ఉంటుంది.