పెద్దయ్యాక ఏడీహెచ్‌డీ అని తేలింది, చిన్న పాపతో ఎలా నెగ్గుకురావాలి?

33 ఏళ్లకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉండే సమస్య) అని తేలిందనీ, నాలుగేళ్ల పాప ఉందనీ రాశారు. అందరు అమ్మలూ అవలీలగా చేసే పనులు నాకెందుకు చేతకావడం లేదు అని అడిగారు. అవలీలగా ఎవరూ చేయడం లేదులెండి. కానీ మన తంటా వేరు, ఆ మాట నిజమే.

నాకు తేలింది 34వ ఏట, అదీ మా బాబు పుణ్యమా అని. వాడు ఒకటో తరగతిలో ఒక్క చోట కూర్చోవడం లేదని టీచరు పదేపదే చెబితే పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లాం. "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అని ఆవిడ అడగగానే మా ఆయన నా వైపు చూశారు. అప్పటికే నేను బండి తాళాల కోసం చేతిసంచి మొత్తం ఆవిడ బల్ల మీద గుమ్మరించి ఉన్నాను. కవలల మీద జరిగిన అధ్యయనాల్లో ఇందులో వంశపారంపర్యం వాటా 70 నుంచి 80 శాతం దాకా ఉంటుందని తేలిందట. పిల్లల కోసం వచ్చి తమ సంగతి తెలుసుకుని వెళ్లే తల్లులు తన దగ్గరకు చాలామందే వస్తారని ఆవిడ అన్నారు.

రక్తపరీక్షతోనో స్కానింగుతోనో తేలేది కాదిది. ధ్యాస నిలవకపోవడానికి సంబంధించి తొమ్మిది లక్షణాలు, కుదురు లేకపోవడానికి సంబంధించి తొమ్మిది చూస్తారు. 17 ఏళ్లు నిండినవాళ్లకు ఏదో ఒక దాంట్లో కనీసం ఐదు ఉండాలి, కొన్నయినా 12 ఏళ్లలోపే కనబడి ఉండాలి. అందుకని తెనాలిలో మా అమ్మ ట్రంకుపెట్టెలో దాచిన నా ప్రోగ్రెస్ కార్డులు తెప్పించాను. నాలుగో తరగతి కార్డులో "తెలివైన పిల్ల, ధ్యాస కిటికీ బయట" అని రాసి ఉంది. బెంచీలెక్కి దూకే పిల్లనైతే అప్పుడే ఎవరో ఒకరు పట్టుకునేవారు. కిటికీలోంచి చూస్తూ నోరు మూసుకుని కూర్చునే ఆడపిల్లతో ఎవరికి ఇబ్బంది?

ఇక మీరు అడిగిన రోజువారీ గొడవ. ఒక రాత్రి సంగతి చెబుతాను. బాబుకు జ్వరం. పారాసెటమాల్ సిరప్ ఐదు మిల్లీలీటర్లు కొలమూతలో పోశాను. అంతలో హాల్లో ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి కొలమూత ఖాళీగా, తడిగా గట్టు మీద ఉంది. తాగించానా? పొరపాటున సింకులో కడిగేశానా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. నిద్రపోతున్న వాణ్ణి లేపి "అమ్మ మందు వేసిందా నాన్నా?" అంటే "వేశావు" అన్నాడు, మరుక్షణం "లేదు" అన్నాడు. మోతాదు మించితే కాలేయానికి ప్రమాదమని తెలుసు కాబట్టి మళ్లీ వేయలేదు. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, గంటకోసారి థర్మామీటరు పెట్టి చూస్తూ తెల్లవార్లూ వంటింటి గచ్చు మీదే కూర్చున్నాను. మరచిపోవడం కన్నా ఆ రాత్రి నన్ను ఎక్కువ తిన్నది "నీకు పిల్లాడి మీద శ్రద్ధ లేదు" అని నాకు నేనే చెప్పుకున్న మాట.

మర్నాటి నుంచి నా జ్ఞాపకశక్తిని నమ్మడం పూర్తిగా మానేశాను. నేను చేసిన పెద్ద మార్పు ఇదొక్కటే, మిగతావన్నీ దీనికి పిలకలు. ఇప్పుడు ప్రతి మందు సీసాకూ రబ్బరు బ్యాండుతో ఒక చీటీ చుట్టి ఉంటుంది. వాడు మింగగానే టైము రాయాలి, రాశాకే సీసా మూత బిగించాలి. మూత తీసి ఉందంటే రాయలేదని అర్థం.

కంటికి కనబడని వస్తువు నా లెక్కన లోకంలోనే లేదు. అందుకే ఫ్రిజ్‌లో కూరగాయలు కింది అరలోంచి తలుపు అరల్లోకి వచ్చాయి. ఐదు రోజుల యూనిఫారాలూ ఆదివారం రాత్రే వరసగా కొక్కేలకు వేలాడతాయి. ఆ పని మా ఆయనది. బడి వాట్సాప్ గ్రూపు కూడా ఆయనకే అప్పగించాను. పసుపు రంగు బట్టలు వేయాల్సిన రోజున మా వాణ్ణి నీలం చొక్కాలో పంపాక, ఫొటోలో వాడి ముఖం చూసి ఆ రోజే ఇచ్చేశాను. డైరీలూ ప్లానర్లూ మాత్రం నన్ను అడగకండి. కొనడంలో ఉన్న ఉత్సాహం రాయడంలో లేదు, మూడు అలాగే పడి ఉన్నాయి. ఫోను అలారం చేతికి అందేలా ఉంటే మోగీ మోగగానే నొక్కేసి, ఎందుకు మోగిందో కూడా మరచిపోతాను. గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద పెడితే లేచి వెళ్లక తప్పదు.

మందుల గురించి భయపడుతూ రాశారు. నాకు మిథైల్‌ఫెనిడేట్ అనే ధ్యాస నిలిపే మందు రాశారు. దాని అమ్మకం మీద మన దేశంలో ఆంక్షలున్నాయి, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు, అన్ని షాపుల్లోనూ దొరకదు. అందుకే పది మాత్రలు మిగలగానే వెతకడం మొదలుపెడతాను. మరుపుకు వేసుకునే మాత్ర వేసుకోవడమే మరచిపోవడం మా ఇంట్లో పాత జోకు. నేను వాడే రకం నాలుగు గంటలు పనిచేస్తుంది. ఉదయం ఆఫీసులో బుర్ర పాదరసంలా ఉండి, బాబు ఇంటికి వచ్చే వేళకు మందు ప్రభావం అడుగంటేది. అప్పుడే హోంవర్కు, మిక్సీ మోత, టీవీ, వాడి వంద ప్రశ్నలు. అరిచేసేదాన్ని. ఈ సంగతి డాక్టరుకు చెప్పాలని నాకు తోచడానికే నాలుగు నెలలు పట్టింది. చెప్పాక వేళలు మార్చారు. మీరు మొదటి రోజే చెప్పండి, ఏ పూట మీకు ఎక్కువ కష్టమో. పాలిస్తున్నా, రెండో బిడ్డ ఆలోచన ఉన్నా అదీ చెప్పాలి. దగ్గర్లో మానసిక వైద్యులు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇప్పటికీ అరుస్తాను, తగ్గిందంతే. కోపం నషాళానికి అంటుతున్నప్పుడు "అమ్మ రెండు నిమిషాలు బాల్కనీలోకి వెళ్తోంది" అని చెప్పి వెళ్తాను. అరిచేసిన రోజున తర్వాత వాడి దగ్గర కూర్చుని తప్పు నాదేనని చెబుతాను. ఇంకోవైపు, అట్టపెట్టెలతో రైలు కట్టడం మొదలుపెడితే మూడు గంటలు వాడికన్నా నేనే లేవను. ఆ రాత్రి భోజనం పెరుగన్నమే.

అత్తగారికి చెప్పాలా అని చివర్లో అడిగారు. మీ ఇంటి గాలి మీకే తెలియాలి. నేను ఆరు నెలలు నాన్చాను. ఆ ఇంగ్లీషు పేరు చెప్పలేదు, నాలుగో తరగతి కార్డు చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చదివి, "అప్పటినుంచీ ఇంతేనా, పాపం" అన్నారు. ఇప్పుడు కుక్కరు కూతలు హాల్లో కూర్చుని ఆవిడే లెక్కపెట్టి, "మూడయ్యాయమ్మా" అని కేక వేస్తారు. ఆవకాయ జాడీకి మూత పెట్టలేదని మాత్రం ఇప్పటికీ దెప్పుతారు.