చిలుక పలుకుతుందా, మాట్లాడుతుందా?

సందేహం: అర్థం తెలియకుండా వల్లించే మాటలను 'చిలకపలుకులు' అంటాం. చిలుకలకు కొన్ని మాటల అర్థం తెలుస్తుందని శాస్త్రవేత్తలు చెబుతున్నప్పుడు ఈ ప్రయోగం తప్పు కాదా? వ్యాసాల్లో 'చిలుక మాట్లాడింది' అని రాయవచ్చా, 'పలికింది' అనే రాయాలా?

సమాధానం: 'చిలకపలుకులు' అనడంలో తప్పేమీ లేదు. ఆ జాతీయం మనిషి మాటతీరును గురించి చెప్పేదే కాని పక్షి తెలివిని తూచేది కాదు; పైగా పసిపిల్లల ముద్దుమాటలనూ చిలకపలుకులనే అంటాం, అక్కడ నింద లేదు. 'చిలక్కి చెప్పినట్టు చెప్పాను' అనే వాడుక ఇంకా ఆసక్తికరమైనది. విసుక్కోకుండా, విడమరిచి, మళ్లీ మళ్లీ చెప్పానని దాని అర్థం. చెబితే నేర్చుకునే పక్షి అన్న గుర్తింపు అందులోనే ఉంది.

శాస్త్రం సంగతికి వస్తే, ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1977లో అలెక్స్ అనే ఆఫ్రికా బూడిదరంగు చిలుకతో మొదలుపెట్టిన ప్రయోగాలు 2007లో అది చనిపోయేదాకా సాగాయి. దాదాపు 50 వస్తువుల పేర్లు, 7 రంగులు అది చెప్పగలిగేది. రెండు వస్తువులు చూపి 'వీటిలో తేడా ఏమిటి?' అని అడిగితే తేడా రంగులో ఉందో, ఆకారంలో ఉందో, అవి తయారైన పదార్థంలో ఉందో చెప్పేది. ఏ తేడా లేకపోతే లేదనే అర్థమిచ్చే మాట పలికేది. కేవలం వల్లించిన పాఠమే అయితే కొత్త వస్తువులు ముందు పెట్టినప్పుడు తడబడాలి, కాని వాటి విషయంలోనూ ఎక్కువసార్లు సరైన జవాబే ఇచ్చింది. విచిత్రమేమిటంటే, దానికి నేర్పిన పద్ధతి మన 'చిలక్కి చెప్పినట్టు' కాదు. దాని ఎదుట ఒక మనిషి ప్రశ్నించేవారు, ఇంకొకరు జవాబు చెప్పి ఆ వస్తువును అందుకునేవారు, తరువాత ఇద్దరూ పాత్రలు మార్చుకునేవారు. అది చూస్తూ, మధ్యలో తానూ జవాబిస్తూ నేర్చుకుంది. పెదవులే లేని పక్షి గొంతు అడుగునున్న శబ్దాంగంతో, నాలుక కదలికలతో ప, బ, మ వంటి ఓష్ఠ్యాలను (పెదవులు కలిపి పలికే ధ్వనులను) మనకు తెలిసేలా వినిపించడం ధ్వనిశాస్త్రం చదివినవారిని ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

ఇంత తెలివి ఉన్నా దానిని భాష అనడానికి తొందరపడకూడదు. మాటకు మాట కలుపుతూ అంతులేనన్ని కొత్త వాక్యాలు కట్టే శక్తి అలెక్స్‌లో కనిపించలేదు. పెప్పర్‌బర్గ్ కూడా ఈ విషయంలో ఆచితూచే రాశారు.

ఇక మీ క్రియల విషయం. కోకిల కూస్తుంది, కాకి అరుస్తుంది, చిలుక పలుకుతుంది అనడం మనకు అలవాటు. 'వీణ పలికింది' అన్నప్పుడు పలకడం ధ్వని మాత్రమే. 'పిలిస్తే పలకడం లేదు' అన్నప్పుడు అది బదులివ్వడం. వట్టి అనుకరణ నుంచి అర్థమెరిగిన జవాబు దాకా రెంటికీ సరిపోయే క్రియ ఇదొక్కటే కనుక, చిలుకకు ఇంతకన్నా తగినది నాకు కనిపించదు. 'మాట్లాడు' అన్నది ఇద్దరి మధ్య సాగే సంభాషణను సూచిస్తుంది కాబట్టి కథల్లో, వాడుకలో ఇబ్బంది లేకపోయినా, శాస్త్రవ్యాసంలో 'చిలుక మాట్లాడింది' అని రాస్తే నిరూపణ కానిదాన్ని ఒప్పుకున్నట్టవుతుంది. 'ఆ చిలుక వంద మాటలు పలికింది' అనండి. ప్రశ్నకు తగిన జవాబిచ్చిన సందర్భమైతే 'రంగు అడిగితే చెప్పింది' అని నిస్సంకోచంగా రాయండి.