పసుపు ఎన్నికల్లో గెలవలేదు

హన్మకొండ,
ఆదివారం పొద్దున

తమ్మీ,

మోకాలి నొప్పికి పసుపు పనిచేస్తుందా అన్న నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మీ నాయనమ్మ మోకాలికి పసుపు పట్టు వేసే మొదటి పేరా బాగుంది. మూడో పేజీకి వచ్చేసరికి నాకు బీపీ పెరిగింది. "ఎక్కువ పరిశోధనలు అవునన్నాయి, కొన్నే కాదన్నాయి, కాబట్టి పసుపు గెలిచింది" అని రాశావు. అవి పరిశోధనలా, సర్పంచ్ ఎన్నికలా? పైగా దానికి మెటా అనాలిసిస్ (పరిశోధనలన్నిటినీ కలిపి తూచే లెక్క) అని పేరు!

ఓట్లు లెక్కపెట్టకు, కాంటా వెయ్యి. మా బాపు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలేవాడు. 2 క్వింటాళ్లు 18 వేల చొప్పున, 20 క్వింటాళ్లు 12 వేల చొప్పున పోయాయనుకో. సగటు ధర 15 వేలంటే బడి మొహం చూడని మా బాపు కూడా నవ్వేవాడు. 12,545 చిల్లర, అంతే. పరిశోధనలదీ ఇదే లెక్క. కాకపోతే ఇక్కడ బరువంటే మనుషుల సంఖ్య ఒక్కటే కాదు, ఫలితంలో ఊగిసలాట, అంటే వేరియన్స్, ఎంత తక్కువైతే దానికి అంత బరువు.

వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ గుర్తు ఎప్పుడైనా పరీక్షగా చూశావా? అందులోని అడ్డగీతలు, నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ దక్కుతుందా అని చేసిన ఏడు ట్రయల్స్. మొదటిది 1972లో వచ్చింది. విడివిడిగా చూస్తే చాలా గీతలు నడుమ ఉన్న నిలువు గీతను, అంటే 'తేడా లేదు' అనే హద్దును, తాకుతాయి, అంటే అవి ఏ సంగతీ తేల్చలేదు. నీ ఓట్ల పద్ధతిలో ఆ ఇంజెక్షన్ ఓడిపోయేది. అన్నీ కలిపి తూచిన ఫలితాన్ని చూపే డైమండ్ మాత్రం నిలువు గీతకు స్పష్టంగా ఎడమన, అంటే ఇంజెక్షన్ మేలు చేసే వైపు, ఉంది. ఆ ట్రయల్స్‌ను ఒకచోట చేర్చిన సమీక్ష అచ్చయ్యేసరికి 1989. ఆలోపు ఎందరు పసికందులు పోయారో!

ఇంకొకటి. బస్తా మూతి దగ్గర ఎర్రటి కాయ, అడుగున తాలు. పసుపు పనిచేయలేదన్న పరిశోధన చాలాసార్లు సొరుగులోనే ఉండిపోతుంది. దీనికి మనస్తత్వ శాస్త్రవేత్త రోసెంతాల్ 1979లో 'ఫైల్ డ్రాయర్' అని పేరు పెట్టాడు. మిర్చి కొనేవాడు బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తాడు. నువ్వు పెట్టావా?

అసలు నువ్వు పోగేసినవన్నీ పసుపులో ఉండే కర్క్యుమిన్‌ను క్యాప్సూల్స్‌గా మింగించి చేసినవి. మీ నాయనమ్మది పట్టు. మిర్చినీ పత్తినీ ఒకే కుప్ప పోశావు.

ఇరవై ఏళ్ల కింద నేనూ ఒక ఆదివారం అనుబంధానికి ఇలాంటిదే రాశాను. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఏ అంకె నుంచి ఏ అంకె దాకా ఉండొచ్చో చెప్పేది) గురించి రాసిన వాక్యాన్ని ఎడిటర్ కొట్టేసి "పాఠకుడికి ఒక్క అంకె చాలు" అన్నాడు. హెడ్డింగ్ చివర ఆశ్చర్యార్థకం మాత్రం రెండు పెట్టాడు. ఆ క్లిప్పింగ్ ఇంకా నా దగ్గరుంది, కోపం చల్లారకుండా.

ఏ సాఫ్ట్‌వేర్, ఏ పత్రిక అని అడిగావు. ముందు ఐదు పరిశోధనలకు చేత్తో బరువులు కట్టి, ఆ కాగితాలు పట్టుకుని శనివారం ఇంటికి రా. అన్నట్టు, పట్టు వేశాక నాయనమ్మ మోకాలు ఎలా ఉందో వ్యాసంలో ఎక్కడా రాయలేదు. అదీ చెప్పు.

నీ పెద్దన్న