అమెరికాలో 'రైట్ టు వర్క్' చట్టాల కోసం ప్రచారం చేసేవాళ్లంతా కంపెనీల మనుషులేనా?

'రైట్ టు వర్క్' అంటే యూనియన్ చందా కట్టకపోయినా ఉద్యోగం పోకూడదనే చట్టం. దాని కోసం తిరిగేవాళ్లు కంపెనీల మనుషులే కదా, ఇందులో కార్మికుడికి ఏముంది అని అడిగారు. నేను ఏ కంపెనీ మనిషినీ కాదు. 2018 ఎండాకాలంలో మిస్సోరి రాష్ట్రంలో ఆ చట్టం ఉండాలా వద్దా అని జనం ఓటుకు పెట్టారు, దాని పేరు ప్రపొజిషన్ ఏ. దానికి 'యెస్' ఓటు వెయ్యమని సెయింట్ లూయిస్ చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగాను. ఓడిపోయాం. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

నన్ను ఇందులోకి దింపింది నా భార్య మొదటి పే స్టబ్, అంటే జీతం చీటీ. ఓ సూపర్‌మార్కెట్ బేకరీలో పార్ట్‌టైమ్‌గా చేరింది. తెల్లవారకముందే లేచి వెళ్లేది. మొదటి చెక్కు వచ్చిన రోజు కాగితం టేబుల్ మీద పరిచి వేలు పెట్టి చూపించింది. పన్నుల కింద యూనియన్ ప్రవేశ రుసుము, దాని కింద చందా. "నేనెప్పుడు చేరిన?" అంది. మేనేజర్‌ని అడిగితే, కాంట్రాక్టులో ఉంది, కట్టకపోతే ఉద్యోగం ఉండదన్నాడు. నా కోపం ఆ డాలర్ల మీద కాదు. ఒక్క మాట అడగనందుకు.

మాది గోదావరిఖని. మా నాయిన సింగరేణిలో బొగ్గు తీసినవాడు. జీతాల రోజు యూనియనోళ్లు రసీదు బుక్కులు పట్టుకుని ఇంటికొచ్చేవాళ్లు. మనసుకు వస్తే ఇచ్చేవాడు, లేకపోతే "మా బాయి ముచ్చట ఎవరు పట్టించుకున్నరు?" అని గడపలోనే నిలదీసేవాడు. మన పాత వేతనాల చెల్లింపు చట్టంలో కూడా కార్మికుడు రాసిస్తేనే జీతంలోంచి యూనియన్ చందా కోయాలని ఉండేది. చందా కోసం గడప తొక్కాల్సి వచ్చిన నాయకుడే తిట్లు వింటాడు, పనీ చేస్తాడు. చెక్కులోంచి దానంతటదే వచ్చిపడేవాడు ఎందుకొస్తాడు?

అమెరికాలో 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం ఈ విషయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. ఇప్పుడు 26 రాష్ట్రాల్లో బలవంతపు చందా కుదరదు. మిస్సోరి శాసనసభ 2017లో చట్టం చేస్తే, యూనియన్లు మూడు లక్షలకు పైగా సంతకాలు పోగేసి దాన్ని అమలు కాకుండా ఆపి, జనం ఓటుకు పెట్టించాయి. ఆ కష్టాన్ని మెచ్చుకోవాల్సిందే. మా వైపు శాసనసభ్యులేమో నవంబరులో జరగాల్సిన ఓటింగును ఆగస్టు ప్రైమరీకి (పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నికకి) జరిపారు. ఈ ఎత్తులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నీ వాదన మీద నీకు నమ్మకముంటే తేదీతో పనేంటి?

ఒక ఇంటి ముందు 'నో ఆన్ ఏ' బోర్డు పాతి ఉంది. అలాంటి ఇళ్లు వదిలేయమని మాకు చెప్పారు. నేను మెట్లెక్కాను. ఫెంటన్‌లో క్రైస్లర్ ప్లాంటు 2009లో మూసేదాకా పనిచేసిన పెద్దాయన. కుర్చీ చూపించి, చల్లటి నీళ్లిచ్చి, ప్యాంటు పైకి మడిచి రెండు మోకాళ్ల ఆపరేషన్ గాట్లు చూపించాడు. "వీటి ఖర్చు భరించింది యూనియన్ సాధించిన బీమా. చందా కట్టనివాడి తరఫున కూడా మేమే కొట్లాడాలి. వాడు ఊరికే అనుభవిస్తాడా?" అన్నాడు.

అందరి తరఫునా మేమే మాట్లాడతామనే హోదా కోరుకునేది యూనియనే కదా, హోదా కావాలి గానీ మనిషి ఒప్పుకోలు అక్కర్లేదంటే ఎట్లా అన్నాను. "ఒక్కొక్కడినీ అడగమంటే కంపెనీ ఒక్కొక్కడినీ బెదిరిస్తుంది" అన్నాడు. తర్వాత నా కరపత్రం తీసుకుని, అడుగున చిన్న అక్షరాల్లో డబ్బు పెట్టినవాళ్ల పేరున్న చోట బొటనవేలు పెట్టాడు. పైన పెద్ద అక్షరాల్లో చట్టమొస్తే ఫ్యాక్టరీలొస్తాయని ఉంది. "నా ఫ్యాక్టరీ పోయింది నా చందా వల్ల కాదు" అన్నాడు.

67 శాతం పైగా 'నో' అన్నారు. యూనియన్లు మాకంటే ఎన్నో రెట్లు ఖర్చు పెట్టాయి, నిజమే. కానీ మమ్మల్ని ఓడించింది ఆ కరపత్రమే. ఫ్యాక్టరీల మాట ఎత్తకుండా ఒక పే స్టబ్ అచ్చేసి, ఈ కోతకు నిన్నెవరైనా అడిగారా అని రాసి ఉంటే, ఆ పెద్దాయన మారకపోయినా పార్ట్‌టైమ్‌లో చేరిన వాళ్ల మనవరాలు మా వైపు వచ్చేది. జీతాలు పెరుగుతాయా తగ్గుతాయా అని ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా కొట్లాడుకుంటున్నారు. జీతం రూపాయి తగ్గినా నా వాదన మారదు. నా పేరు మీద ఎవరు మాట్లాడాలో నేను ఒప్పుకోవాలి.

మీవాళ్లెవరైనా అమెరికాలో యూనియన్ ఉన్న ఉద్యోగంలో చేరుతుంటే ఇది చెప్పండి. ప్రభుత్వ ఉద్యోగమైతే 2018లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన జానస్ తీర్పు తర్వాత ఏ రాష్ట్రంలోనైనా ఒప్పుకోకుండా కోయకూడదు. ప్రైవేటులో రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. మిషిగన్‌లో 2012లో తెచ్చిన చట్టాన్ని 2023లో రద్దు చేశారు, 2024 ఫిబ్రవరి నుంచి మళ్లీ తప్పనిసరి చందా పెట్టుకోవచ్చు. అక్కడైనా పూర్తి సభ్యత్వం తీసుకోమని బలవంతం చేయలేరు. అదే కోర్టు 1988లో ఇచ్చిన బెక్ తీర్పు ప్రకారం, సభ్యుడు కానివాడు రాజకీయాలకు పోయే వాటా కట్టనని అభ్యంతరం చెప్పొచ్చు. ఆ అభ్యంతరం ఉత్తరం మేనేజర్‌కి కాదు, యూనియన్ ఆఫీసుకి రాయాలి. పోస్టులో పంపి రసీదు, నకలు దగ్గర పెట్టుకోండి.