జాంబీల ఊళ్లో మొదటి వారం: మీ ప్రశ్నలు, మా జవాబులు

డిగ్రీ చదివే మా అబ్బాయి సెలవులంతా ‘ప్రాజెక్ట్ జోంబాయిడ్’ అనే కంప్యూటర్ ఆట ఆడుతూ కూర్చుంటున్నాడు. లెవెళ్లు లేవట, గెలుపు లేదట, ఎంత ఆడినా చివరికి చావేనట! మరి అందులో ఏముందండీ? (ఒక తల్లి, గుంటూరు)

మీవాడు చెప్పింది నిజమే. బ్రిటన్‌కు చెందిన ఇండీ స్టోన్ బృందం చేసిన ఈ ఆట 2013 నుంచి, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్‌లో ఉంది, ఇప్పటికీ మారుతూనే ఉంది. చచ్చి లేచి మనుషులను కరిచే జాంబీల మధ్య బతకడమే ఆట. కథాస్థలం అమెరికాలోని కెంటకీ, కాలం 1993 జులై. సెల్‌ఫోన్లు లేవు, టీవీ, రేడియో, కాగితం మ్యాపులే దిక్కు. ‘నువ్వు ఇలా చచ్చిపోయావు’ అనే మాటతోనే ఆట మొదలవుతుంది.

చావు ఖాయమని ముందే తేలిపోయాక మిగిలేది ఎన్నాళ్లు బతుకుతాం, ఎలా బతుకుతాం అన్నదే. అటు వెళ్లు, వాణ్ణి చంపు అని పురమాయించేవాళ్లు ఉండరు. చంపడం కన్నా ఇల్లు నడపడానికే ఎక్కువ సమయం పోతుంది: కుళ్లిపోయేవి ముందు తినడం, డబ్బాలు దాచడం, వాన నీళ్లు పట్టడం, పుస్తకం చదివి వడ్రంగం నేర్చుకోవడం. (ఇంట్లో ఈ పనులే చెబితే ఎందుకు చేయడని అడగకండి, దానికి మా దగ్గర జవాబు లేదు.) చచ్చాక అదే ఊళ్లో కొత్త మనిషిగా మళ్లీ మొదలుపెట్టొచ్చు. పాత మనిషి జాంబీ అయి, వీపున అదే సంచితో ఎదురుపడొచ్చు కూడా. తన తప్పు తన కళ్లముందే తిరుగుతుంటే, ఈసారి ఇంకోలా చేద్దామనిపించడం సహజం.

ఒక్కడే ఆడుతుంటే ఆటను ఎక్కడైనా ఆపొచ్చు, బయటికొస్తే ఉన్నచోటే సేవ్ అవుతుంది. స్నేహితులతో ఆన్‌లైన్ సర్వర్‌లో ఆడుతుంటే మాత్రం ఆట ఆగదు. అప్పుడు ‘ఒక్క నిమిషం అమ్మా’ అంటే సాకు కాదు, నమ్మండి.

ఎన్నిసార్లు ఆడినా మూడో రోజు దాటట్లేదు. గొడ్డలి దొరికినా చస్తున్నాను. తప్పెక్కడ? (పాఠకుడు, వరంగల్)

తప్పు బహుశా పరుగులో ఉంది. పరుగెత్తితే చప్పుడు, ఆపైన ఆయాసం. ఆయాసం వచ్చాక గొడ్డలి దెబ్బలో బలం తగ్గుతుంది. రెండు దెబ్బలకు పడాల్సింది ఐదు దెబ్బలకూ పడదు, ఈలోగా వెనకనుంచి ఇంకోటి వస్తుంది. అలసట గుర్తు కనిపించగానే పోరు ఆపి, నడుస్తూ దూరం జరిగి, కాసేపు కూర్చోండి.

ఒక్క జాంబీ అయితే ఆయుధం కూడా అక్కర్లేదు. స్పేస్ నొక్కి తోయండి, పడ్డాక తల తొక్కండి. నాలుగైదు వస్తే పొట్టి కంచె దాటి అవతల నిలబడండి. అవి దాటబోయి బోర్లా పడతాయి, లేచేలోపు కొట్టండి.

ఆట 41వ కూర్పు (బిల్డ్ 41) మామూలు సెట్టింగుల్లో జాంబీ గీరితే, మనల్నీ జాంబీని చేసే జబ్బు అంటుకునే అవకాశం 7 శాతం, చర్మం చీలితే 25, కరిస్తే 100. అందుకే గీరగానే ఆట వదిలేయకండి, కట్టు కట్టి ముందుకెళ్లండి. కరిస్తే మాత్రం మందు లేదు.

పగలగొట్టిన కిటికీలోంచి దూరేముందు అంచున మిగిలిన గాజు తీసేయండి, లేకపోతే కోసుకుంటుంది. ఇంట్లోకి చేరగానే కర్టెన్లు వేయండి. ఊరు ఎంచుకునేటప్పుడు వెస్ట్ పాయింట్ వద్దు, రోజ్‌వుడ్ గానీ రివర్‌సైడ్ గానీ మేలు. అప్పటికీ కుదరకపోతే, ఆట నియమాలు మనమే మార్చుకునే మోడ్ అయిన సాండ్‌బాక్స్‌లో జాంబీల సంఖ్య తగ్గించుకోండి. అది మోసమేమీ కాదు, ఆ మోడ్ ఉన్నది అందుకే.

కరెంటు, నీళ్లు పోయాక ఏం చేయాలి? జనరేటర్ దొరికింది కానీ కనెక్ట్ చేయనివ్వట్లేదు. (పాఠకురాలు, విశాఖపట్నం)

జనరేటర్ వాడకం గురించిన పత్రిక ఆటలోనే దొరుకుతుంది, అది చదవాలి. పుస్తకాల షాపులు, పోస్ట్‌బాక్సులు, ఇళ్ల అల్మారాలు వెతకండి. జనరేటర్‌ను ఇంటి బయట, 20 గడుల (ఆటలో నేల మీది చదరాల) లోపు పెట్టండి. లోపల పెడితే పొగకే ప్రాణం పోతుంది. మరమ్మతుకు ముందు ఆపేయండి.

చాలామంది ఇరుక్కునేది పెట్రోలు దగ్గర: కరెంటు పోతే బంకులోని పంపులూ పనిచేయవు. మామూలు సెట్టింగుల్లో తొలి నెలలోపే ఎప్పుడైనా పోతుంది కాబట్టి ముందే డబ్బాలు నింపుకోండి. ఆలస్యమైతే జనరేటర్‌నే బంకు దగ్గరికి మోసుకెళ్లి నడపాలి, ఆ చప్పుడుకు ఎవరెవరు వస్తారో చెప్పక్కర్లేదు.

నీళ్లకు వాన నీటి పీపా కట్టుకోండి. 4 చెక్కలు, 4 మేకులు, 4 చెత్త సంచులు, వడ్రంగంలో 4వ స్థాయి కావాలి. ముందు వడ్రంగం పుస్తకం మొదటి భాగం చదివి, ఆ తర్వాతే రంపం, సుత్తితో కుర్చీలు, బల్లలు విప్పండి, నైపుణ్యం త్వరగా పెరుగుతుంది. వరస తిరగేస్తే సగం సామాను వృథా. పీపా నీళ్లు మరగబెట్టే తాగాలి. సింక్‌కు సరిగ్గా పై అంతస్తులో పీపా పెట్టి, పైప్ రెంచ్‌తో సింక్‌ను కలిపితే మరగబెట్టే పని తప్పుతుంది.

నా పాత ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే ఉంది. నడుస్తుందా? (పాఠకుడు, ఖమ్మం)

కష్టం. ఇది 8 జీబీ అడుగుతుంది, విడి గ్రాఫిక్స్ కార్డు కూడా ఉండాలి. ప్రస్తుతానికి స్టీమ్‌లోనే ‘అన్‌టర్న్‌డ్’ చూడండి. ఉచితం, బొమ్మలు డబ్బాల్లా ఉంటాయి గానీ ఆకలి, దాహం, ఇల్లు కట్టుకోవడం అన్నీ ఉన్నాయి.